పలకరింపు పాఠం

అరసవల్లి జంక్షన్ దగ్గర బస్సు ఆగిపోయింది. ఆగక ఏం చేస్తుంది, ఆదివారం, జిల్లాలో ఉన్న ఆటోలన్నీ ఇవాళ సూర్యనారాయణస్వామి గుడి చుట్టూనే తిరుగుతాయి, ఆ సంగతి తెలిసీ పదింటికల్లా రమ్మని కబురు పెట్టిన మొగవానిపేట పెద్దల్ని తిట్టాలో, ముందు బస్సు వదిలేసి ఈ బస్సెక్కిన తన బుద్ధిని తిట్టాలో కుసుమకుమారికి తేలలేదు. ముందు బస్సు ఎందుకు వదిలేసినట్టు, మెట్టు మీద కాలు పెట్టి మళ్లీ దించేసింది, భయం వేసింది, ఒప్పుకోవడానికి సిగ్గుగానీ భయమే, నలభై రెండేళ్ల మనిషికి, మాట తీరు తెలియని పిల్లలకు మాట తీరు నేర్పడమే పదకొండేళ్లుగా ఉద్యోగమైన మనిషికి, ఒక చేపల రేవు పెద్దల ముందు నిలబడాలంటే. ఒళ్లో సంచీ, సంచీలో పన్నెండు అట్ట కార్డులు, సెల్‌ఫోన్‌లో పొద్దున్నే హెడ్మాస్టరు సీతారామారావు గారి గొంతు, ఇంకా చెవిలోనే ఉంది. ‘చూడండమ్మా, ఆ మాట మీరు నేర్పలేదనండి. ఆ పిల్ల బుద్ధే అంత అని ఒక్క ముక్క అనేస్తే వాళ్లు బళ్లో పేరు తీయించుకుని పోతారు, మనకు గొడవ ఉండదు. జూన్ నెల, మీ కాంట్రాక్టు కాగితం నా టేబులు మీదే ఉంది, నేను గుర్తు చేయక్కర్లేదు.’ గుర్తు చేయక్కర్లేదని చెప్పి మరీ గుర్తు చేశాడు మహానుభావుడు, ఇరవై ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పిన నోరు, అబద్ధమాడమని ఎంత శ్రద్ధగా చెప్పిందో.

ఏమిటా మాట. తిట్టా, బూతా. ఎక్కడికి వెళ్తున్నారు, అంతే. బస్సు కిటికీ అవతల ఇప్పుడు కొబ్బరికాయలమ్మేది అదే అడుగుతోంది, ఆటోవాడు అదే అడుగుతున్నాడు, ఎక్కడికండీ ఎక్కడికండీ అని రోడ్డంతా అదే అరుపు, ఎవడి చెంపా పగలడం లేదు. మరిడికి మాత్రం పగిలింది. మరిడమ్మ దాని పేరు, అమ్మవారికి మొక్కుకుంటే పుట్టిందని పెట్టారు, ఎనిమిదో తరగతి, బళ్లో పిల్లలు ముసలమ్మ పేరని ఏడిపిస్తారు, ఏడిపిస్తున్నారని కూడా దానికి తెలియదు, ముసలమ్మ కాదు నాకు పదమూడేళ్లు అని పుట్టినతేదీ చెబుతుంది. బుధవారం తెల్లవారగట్ల రెండు నెలల వేట నిషేధం అయిపోయి రేవులో తొలి వేట, తలంట్లు పోసుకుని, బోటుకి పసుపు పూసి బొట్లు పెట్టి, కాయ కొట్టి, గంగమ్మకి దణ్ణం పెట్టుకుని, గంగులు బోటు వాళ్లు అయిదుగురూ బోటు మీద చెయ్యి వేసి నీళ్లలోకి నెట్టబోతుంటే, ఇది వెళ్లి ఎదురుగా నిలబడింది. ముఖంలోకి చూసింది. నవ్వింది. వరస కలిపి అడిగింది, గంగులు మావా ఎక్కడికెల్తన్నావు. ఒకణ్ణి అడిగి ఊరుకుందా, నేర్చుకున్న పాఠం ఒక్కరితో ఆపేది కాదుగా, రెండోవాణ్ణి అడిగింది, మూడోవాణ్ణి అడిగింది, నాలుగోవాడు దాని కన్నతండ్రి కొండబాబు, నాన్నా ఎక్కడికెల్తన్నావు అంది, అయిదోవాడి వైపు తిరిగేలోగా కొండబాబు చెయ్యి లేచింది. బోటు వెనక్కి లాగారు. ఇళ్లకు పోయి నీళ్లు తాగి కూర్చుని మళ్లీ కాయ కొట్టి పొద్దెక్కాక వెళ్తే, నీళ్లలో రాళ్లకు పట్టి వల సగం చిరిగిపోయింది. ఇంకేం కావాలి. ఇవాళ కోవెల దగ్గర పెద్దలు కూర్చుంటున్నారు, పిల్లని బడి మాన్పించి ఎక్కడో దూరాన హాస్టల్లో పడేయాలని, రేవు మొహం చూడనివ్వకూడదని.

వేటకు పోయేవాణ్ణి ఎక్కడికి అనకూడదు. రేవులో పురుగుకి కూడా తెలుసు. రేవేమిటి, తనకు తెలియదా, పెద్ద బజారులో కిరాణా కొట్టు వాళ్ల పిల్ల, నాన్న సరుకు కోసం విజయనగరం బయల్దేరుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి దూరమేనా అనేది, అంతకు మించి ఒక్క ముక్క అడిగేది కాదు, ఒకసారి ఊరునుంచి వచ్చిన పిన్ని ఎక్కడికి బావగారూ అనేస్తే నాన్న చెప్పులు విప్పేసి లోపలికి వచ్చి మంచినీళ్లు తాగి పావుగంట కూర్చుని అప్పుడు లేచాడు, పిన్ని ముఖం ఎంత చిన్నబోయిందో, తనకప్పుడు ఆరేళ్లు. ఆరేళ్లకే తెలుసు ఆ మాట తప్పని. ఎవరు చెప్పారు, ఎవరూ చెప్పలేదు, పాఠం పెట్టలేదు, గాల్లోంచి వచ్చేసింది, అందరికీ అలాగే వస్తుంది. మరిడికి రాదు. గాల్లోంచి ఏదీ రాదు దానికి, ఒక్కొక్కటీ ముద్ద కలిపి నోట్లో పెట్టినట్టు చెప్పాలి, అందుకేగా తనకు ప్రభుత్వం జీతం ఇస్తోంది, అందుకేగా తనని మంగళవారం శుక్రవారం ఆ బడికి పంపుతోంది. గాల్లోంచి వచ్చింది గనుక తనకది పాఠమని తట్టలేదు. అన్నం చేత్తో తినాలని పుస్తకంలో రాస్తామా, అలాగే అదీ రాయలేదు. రాయకపోతే పోయింది, తిరగేసి రాసింది.

సంచీలో మూడో కార్డు. చూడనక్కర్లేదు, కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. విశాఖపట్నంలో అయిదు రోజుల శిక్షణలో ఇచ్చిన పుస్తకంలో ఈ పాఠానికి బస్టాపు బొమ్మ ఉంది, కోటు వేసుకున్న మనిషి, చేతిలో పెట్టె, ఎదురుగా నవ్వుతున్న పిల్ల. బస్టాపు మా పిల్లలకేం తెలుస్తుందండీ, మన ఊరి బొమ్మ వేయాలి అని గొప్పగా అనుకుంది తను. నాలుగు రాత్రులు కూర్చుని వేసింది. కోటు మనిషిని తీసేసి లుంగీ కట్టిన మనిషిని పెట్టింది, పెట్టె తీసేసి భుజం మీద వల పెట్టింది, వెనక సముద్రం, నీలం స్కెచ్ పెన్ను అయిపోతే ఇంకోటి కొని మరీ రుద్దింది, పక్కన బోటు. బోటు. కింద ముత్యాల్లాంటి అక్షరాలు, ఒకటి ముఖం చూడు, రెండు నవ్వు, మూడు వరస పెట్టి పిలిచి ఎక్కడికి వెళ్తున్నారు అని అడుగు. జిల్లా మేళాలో ఆ కార్డులకు మొదటి బహుమతి, స్టీలు క్యారేజీ ఇచ్చారు, రెండొందల మంది టీచర్లు వరసలో నిలబడి చూశారు, బొమ్మ భలే ఉందండీ అన్నారు, ఆ రెండొందల మందీ ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఎవరైనా ఎక్కడికని అడిగితే మొహం మాడ్చుకునేవాళ్లే, ఒక్కరికీ కనిపించలేదు. అచ్చు పుస్తకంలో ఉన్న బస్టాపు బొమ్మ ఉన్నది ఉన్నట్టు వాడినా ఈ గొడవ ఉండేది కాదు. తెలివి ఎక్కువై చేసింది. ఆ క్యారేజీలోనే ఇవాళ్టిదాకా అన్నం తెచ్చుకుంటోంది, సిగ్గులేకపోతే సరి.

బస్సు కదిలింది, రెండు బారలు జరిగి మళ్లీ ఆగింది. వెనక సీట్లోంచి ఖాళీ బుట్ట కాళ్ల మీదకి తోసుకుంటూ గున్నమ్మ వచ్చి పక్కన కూలబడింది, మొగవానిపేట మనిషే, పొద్దున్నే శ్రీకాకుళం బజారులో చేపలు అమ్ముకుని తిరిగి పోతోంది, మరిడి తల్లి లక్ష్మణమ్మకు పక్కిల్లు.

‘ఏటి మేడమ్మా, నువ్వూ ఈ బస్సేనా. కోవెల కాడికేనా?’

కుసుమకుమారి తలూపింది. మరిడి ఎలా ఉందని అడిగింది.

‘ఎలగుంటాది. సెంప వాసిపోనాది. అది కాదమ్మా, కొట్టినందుకు ఏడిస్తే ఏడుపనుకోవచ్చు. అయిదోవోణ్ణి అడగనేదని ఏడస్తంది. మేడమ్ అందర్నీ పలకరించమన్నాది, నాను నలుగుర్నే పలకరించినాను, ఒకలు మిగిలిపోనారు అంటంది. లచ్చనమ్మకి మతి పోతంది దాంతోటి.’ గున్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని గొంతు తగ్గించింది. ‘ఒక మాట అడగతాను, ఏటనుకోకు. నువ్వే నేర్పినావేటి?’

నోట్లో ఉంది మాట, అవునని. ఈ బస్సులో, ఈ చేపల బుట్ట పక్కన, తనను ఏమీ చేయలేని ఈ మనిషి దగ్గర కూడా రాలేదు. పెద్దలేమంటారో వినాలి ముందు అంది, తన గొంతు తనకే సీతారామారావు గారి గొంతులా వినబడింది. గున్నమ్మ తలూపి బుట్ట సర్దుకుంది, నిలదీయనందుకు ఇంకా మండింది కుసుమకుమారికి.

అయిదోవాణ్ణి అడగలేదని. వింటున్నారా ఎవరైనా, ఆ పిల్ల ఎంత నిజాయితీగా పాఠం ఒప్పజెప్పిందో. ముఖం చూడటానికే నాలుగు నెలలు పట్టింది దానికి, ముఖమంటే దానికి ఎండ, చూస్తే కళ్లు మండినట్టు తిప్పేసుకునేది, లెక్కల మాస్టారిని చూసి మీ చొక్కాకి మొన్నటి పులుసు మరక ఇంకా పోలేదు అనేది, ఎదురింటి ముసలాయన పోతే వెళ్లి మీరు ఏడవడం ఎన్నింటికి ఆపుతారు అని అడిగింది, వాళ్లు చీపురు తీశారు. అలాంటి పిల్లని బడి వసారాలో నిలబెట్టి, అటెండరు నాగబాబుని ఇటునుంచి అటు అటునుంచి ఇటు నూటయాభైసార్లు నడిపించి, పలకరించు పలకరించు అని నేర్పింది. నాగబాబు చివరికి కాళ్లు పట్టేశాయమ్మా అన్నాడు. రెండేళ్లు. రెండో ఏడు మార్చి నెలలో ఒక శుక్రవారం తను బస్సుకని గేటు దాటుతుంటే వెనకనుంచి పరిగెత్తుకొచ్చి, ఎదురుగా నిలబడి, ముఖంలోకి చూసి, పెదాలు సాగదీసి, మేడమ్ ఎక్కడికెల్తన్నారు అంది. బయల్దేరిన మనిషిని ఎక్కడికి అన్నది. తనకు తప్పనిపించిందా, కాళ్లు వెనక్కి పడ్డాయా, లేదే, గేటు దగ్గర నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంది, ఇంటికమ్మా అని చెప్పింది, బస్సు తప్పిపోయినా నవ్వుకుంటూ ఇంకో బస్సెక్కింది. ఆ రోజు తను కాస్త ఉలిక్కిపడి ఉంటే చాలు, అయ్యో అలా అడగకూడదమ్మా అని నోరు జారి ఉంటే చాలు, మరిడి రాసుకుని ఉండేది, ఒకసారి చెబితే చచ్చినా మరిచిపోదు. సంతోషం అడ్డొచ్చింది. మంచి టీచర్నని సంతోషం.

గార ఊరు దాటింది బస్సు. గాలి మారింది, ఉప్పు తగులుతోంది, సరుగుడు తోటలు రెండు వైపులా వెనక్కి పోతున్నాయి, గున్నమ్మ కునుకు తీస్తోంది. అబద్ధం ఎలా ఉంటుందో నోట్లో వేసుకుని చూసింది కుసుమకుమారి. నేను నేర్పలేదండీ, నమస్కారం మాత్రమే నేర్పాను, మిగతాది అది సొంతంగా కల్పించుకుంది. నమ్ముతారు. ఎందుకు నమ్మరు, చీర నలగని మనిషి చెబితే అందరూ నమ్ముతారు. నమ్మి ఆ పిల్లని శనిలా చూస్తారు. తను ప్రతి నెలా పదో తారీఖున జీతం తీసుకుంటూ ఇంకో ఊళ్లో ఇంకో పిల్లకి ఇంకో కార్డు గీస్తుంది. నిజం చెబితే, వల పోయిన మనుషులు, తొలి వేట పాడైన మనుషులు, మీద పడి కొట్టరుగానీ ఊళ్లో అడుగు పెట్టనివ్వరు, ఫిర్యాదు కాగితం పైకి పోతుంది, ఉద్యోగం పోతుంది, పోతే పోయింది అనడానికి నోరు వస్తుంది, ఇంట్లో ఇద్దరు చదువుకునే పిల్లలున్నారు. కొండబాబు మీద కోపం, కన్నకూతుర్ని అంతమందిలో కొడతాడా, వెంటనే అర్థమైంది, అతను కొట్టకపోతే గంగులు కొడతాడు, లేదా బోటు దిగిపొమ్మంటాడు, అందుకే ముందుగా తనే కొట్టేశాడు, అది దెబ్బ కాదు క్షమాపణ, గంగులుకి చెప్పుకున్న క్షమాపణ, దాని చెంప మీద. అర్థమవడంతో కోపం తగ్గాలి కదా, తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఈ ఊరివాళ్లకి ఎన్ని తెలుసు, ఏ గాలికి ఏ చేప పడుతుందో తెలుసు, ఎవరికి ఏ వరసో తెలుసు, తెలిసినవన్నీ కడుపులో పెట్టుకుని, తెలియనిదాన్ని కొడతారు. చెప్పరు, కొడతారు. చెప్పమంటే చెప్పడం రాదు. చెప్పడం వచ్చని జీతం తీసుకునేది తప్పు చెప్పింది. ఛీ.

బస్సు దిగేసరికి పదీ ముప్పావు. కోవెల వసారాలో ప్లాస్టిక్ కుర్చీలు, నాలుగు తలపాగాలు, మధ్యలో గంగులు, ఓ పక్కగా మోటారు సైకిలు మీద ముందే వచ్చేసిన సీతారామారావు గారు. కొండబాబు మెట్ల కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు, స్తంభం దగ్గర లక్ష్మణమ్మ, ఆమె కొంగు పట్టుకుని మరిడి, ఎడమ చెంప వాపు ఇంకా దిగలేదు. హెడ్మాస్టరు కళ్లతోనే సైగ చేశాడు, చెప్పండి మరి అని. ఏమనాలో బస్సులో వరసగా పేర్చుకున్న మాటలు ఆ చెంప చూడగానే ఎటు పోయాయో పోయాయి.

‘నేర్పింది నేనే’ అంది కుసుమకుమారి, కూర్చోకుండానే.

హెడ్మాస్టరు దగ్గాడు. గంగులు ముందుకు వంగాడు. ‘ఎవలు, మీరా?’

‘నేనే. ఆ మాట నేను రాసిచ్చిందే. నేను చెప్పినట్టే ఎదురుగా నిలబడింది, నేను చెప్పినట్టే నవ్వింది. దాని తప్పు ఇసుమంత లేదు.’

సంచీలోంచి మూడో కార్డు తీసి ఇచ్చింది. గంగులు చేతిలోకి తీసుకుని దూరం పెట్టి చూశాడు, బోటు బొమ్మ చూసి పక్కవాడికి ఇచ్చాడు, అది నాలుగు చేతులు తిరిగింది. ఇప్పుడు లేస్తారు, ఇప్పుడు మొదలవుతుంది, మొదలవనీ, కాగితం పోతే పోనీ.

‘ఓస్, ఇంతేనా’ అన్నాడు గంగులు. ‘ఈ ముక్క బేగి సెప్పకపోనారా. మీరు పట్నమోలు, రేవు కట్టుబాట్లు మీకేటి తెలస్తాయి.’

‘తెలుసు. మా నాన్న బయల్దేరినా మా ఇంట్లో ఎవరూ అలా అడగరు. తెలిసే రాశాను. తట్టలేదు.’

‘అదే మరి. సదువుకున్నోలు, నూరు పన్లుంటాయి, మరిసిపోనారు. దానికేటి, మనుషులన్నాక మరిసిపోరేటి.’ వెనక్కి తిరిగి కేకేశాడు. ‘ఒరే, మేడమ్‌కి కుర్సీ ఎయ్యండ్రా. ఎండన పడొచ్చినారు, సల్లగా ఏటైనా తెండి.’

కుర్చీ వచ్చింది, తువ్వాలుతో దులిపి మరీ వేశారు. మూత తీసిన కూల్‌డ్రింకు సీసా చేతిలోకి వచ్చింది, చెమటలు పట్టిన సీసా. బొమ్మ బాగేసినారమ్మా అన్నాడు తలపాగాల్లో ఒకాయన, వల కూడా అచ్చు మా వలే. అయితే పేరు తీయక్కర్లేదు కదా గంగులు గారూ అన్నాడు సీతారామారావు గారు, మొదటినుంచీ ఈ సత్యం చెప్పించాలనే తాపత్రయపడినట్టు. తీయకండి, పిల్ల గుంట తప్పు నేదు గదా అన్నాడు గంగులు, పెద్దమనసుతో. ఆ పెద్దమనసుకి లక్ష్మణమ్మ చేతులు జోడించింది, కొండబాబు నవ్వాడు. అయిపోయింది. అయిదు నిమిషాలు పట్టలేదు. ఉద్యోగం పోతుందని, ఊరు తరిమేస్తుందని, బస్సంతా చచ్చి బతికి తను పోగేసుకున్న ధైర్యం ఎవరికీ అక్కర్లేకపోయింది. అదే మాట, అదే బోటు, అదే వల. తెలిసి చేసిన తనకు కుర్చీ వేశారు. తెలియని పిల్ల చెంప వాచింది, ఆ చెంప ఎదురుగానే ఉంది, ఎవరికీ కనబడటం లేదు, తప్పు లేదని తేలాక కూడా ఎవరూ దాని వైపు తిరగలేదు. తాగండమ్మా, చల్లదనం పోతుంది అన్నాడు హెడ్మాస్టరు, ఆయనకు కూడా ఒక సీసా ఇచ్చారు.

మరిడి తల్లి కొంగు వదిలేసి రెండడుగులు ముందుకు వచ్చింది. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు ఒకసారి తండ్రిని, ఒకసారి టీచరుని, ఒకసారి కుర్చీని చూసింది. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు, తర్వాతి పీరియడ్ ఏమిటని అడిగే గొంతే అది.

‘గంగులు మావా, తప్పు మేడమ్‌దైతే మరి మేడమ్‌ని ఎప్పుడు కొడతారు?’

లక్ష్మణమ్మ చటుక్కున వచ్చి దాని నోరు మూసింది. ఓలమ్మా, దీని మాటలకేటిలే మేడమ్‌గోరూ అని ఎవరో నవ్వారు, నవ్వు వసారాలో ఎవరికీ అంటుకోలేదు. కొండబాబు తన కుడిచేతిని లుంగీకి తుడుచుకున్నాడు.

కుసుమకుమారి సీసా కింద పెట్టి కుర్చీలోంచి లేచింది. మరిడి నోటి మీదనుంచి లక్ష్మణమ్మ చెయ్యి తీసేసింది.

‘అడిగింది కదా’ అంది గంగులుతో. ‘దానికి జవాబు చెప్పండి.’